బూడిద ఎవరిది?

నంద్యాలలో ఒక సాయంకాలం కొందరు విద్యార్థుల ముందు జ్వాలాపురం బూడిదను గూర్చి గంటసేపు మాట్లాడాను. డెబ్బైనాలుగు వేల సంవత్సరాల నాటి ఆ బూడిదను తవ్వి అమ్ముకోవడం ఎంత అనర్థమో, మానవజాతి గత చరిత్రకు అది ఎంత హాని చేస్తుందో నాకు తెలిసినంతవరకు వివరించాను. "తామేం పోగొట్టుకుంటున్నారో ఆ అమాయకులకు తెలియదు" అనే మాటతో ముగించాను. వెనక వరుసలోంచి ఒక విద్యార్థి లేచాడు. "ఆ అమాయకులకు ఆ బూడిద ఒక రోజు కూలి పెడుతుంది. మీ మానవజాతి వాళ్లకేం పెట్టింది సార్?" అన్నాడు. అతని తండ్రి బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల గనిలో పని చేస్తాడని తర్వాత తెలిసింది.

నాకు అప్పుడు జవాబు తోచలేదనడం నిజం కాదు. తోచింది, చెప్పాను కూడా. "విజ్ఞానం దీర్ఘకాలంలో అందరికీ మేలు చేస్తుంది" అన్నాను. అది జవాబు కాదని ఆ మాట చెప్తూ ఉండగానే నాకు తెలిసిపోయింది. దీర్ఘకాలమనే మాటను మనం ఎప్పుడూ ఎదుటివాడి ఆకలిని గూర్చే వాడుతాం. మన జీతాన్ని గూర్చి ఎవరమూ వాడం. ఆ కుర్రవాడు నవ్వి కూర్చున్నాడు. ఆ నవ్వులో ఎగతాళి ఉండి ఉంటే నేను ఊరుకునేవాణ్ణి. అందులో ఉన్నది నిరాశ. అందుకే ఆ ప్రశ్నను ఇంటికి తెచ్చుకున్నాను. ఈ వ్యాసం అతనికి ఆలస్యంగా చెప్తున్న సమాధానం. సమాధానంతోపాటు నేను ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటుంది. దాన్ని దాని చోటనే చెప్తాను.

ముందు సంగతేమిటో తెలియాలి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూనది పారే నల్లరేగడి మైదానం: ఇదీ మన ప్రాంతం. నంద్యాలా, దానికి దక్షిణాన ఆళ్లగడ్డా ఈ మైదానంలోనివే. ఎర్రమల కొండల్లోంచి జుర్రేరు అనే వాగు దిగివచ్చే లోయలో, బనగానపల్లెకు చేరువలో, జ్వాలాపురం అనే చిన్న గ్రామముంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా అది కర్నూలు జిల్లాలోని పల్లె. ఆ లోయలో ఎర్రమట్టి కింద తెల్లటి పొడి పొరలుగా దొరుకుతుంది. చూడడానికి పిండిలా ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే గరగరమంటుంది. అది కట్టెల బూడిద కాదు, అగ్నిపర్వతం చిమ్మిన గాజు రేణువుల పొడి. ఆ గరుకుతనం వల్లనే పాత్రలు తోమే పొడుల తయారీకి దాన్ని తవ్వి అమ్మారు.

ఆ అగ్నిపర్వతం మన దేశంలోనిది కాదు. ఇండొనీసియాలోని సుమత్రా దీవిలో టోబా అనే సరస్సుంది. దాదాపు వంద కిలోమీటర్ల పొడవు, ముప్ఫై కిలోమీటర్ల వెడల్పు గల ఆ సరస్సు నిజానికి అగ్నిపర్వతం పేలి కుంగిపోయిన గొయ్యి. సుమారు 74,000 సంవత్సరాల క్రితం జరిగిన ఆ పేలుడులో రెండువేల ఎనిమిదివందల ఘనపు కిలోమీటర్ల శిలాద్రవం బయటికి వచ్చిందని ఒక అంచనా. గత ఇరవై లక్షల సంవత్సరాల్లో ఇంత పెద్ద పేలుడు మరొకటి లేదంటారు. దాని బూడిద గాలిలో రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన గడ్డపై రాలింది. రాలినప్పుడు పలచని పొరే. వానలకు చుట్టుపక్కల వాలుల మీది బూడిదంతా కొట్టుకొచ్చి లోయ పల్లంలో చేరడంతో జ్వాలాపురంలో ఒకచోట అది రెండున్నర మీటర్ల మందాన నిలిచింది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, వారి సహచరులు ఈ లోయలో తవ్వకాలు జరిపి 2007 జూలైలో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. బూడిద పొర కింద మనిషి చేసిన రాతి పనిముట్లున్నాయి. బూడిద పొర పైన కూడా ఉన్నాయి. రెండింటి పనితనం చాలావరకు ఒకటే. అంటే బూడిద రాలకముందు ఈ లోయలో బతికినవారూ, రాలిన తర్వాత బతికినవారూ ఒకే విద్య తెలిసినవారు. ఆ విపత్తును దాటి మనుషులు ఇక్కడ నిలిచారని వారి వాదం. అదే లోయలోని ఒక రాతి చరియ కింద సుమారు 35,000 సంవత్సరాల క్రితం నుంచి వాడిన సన్నని రాతిపెచ్చుల పనిముట్లు వేల సంఖ్యలో బయటపడ్డాయి. మన దేశంలో అంత పాతవీ, అంతకాలం తెగకుండా సాగినవీ అరుదు.

ఈ మొత్తం కథ మంచుయుగంలో జరిగింది. మంచుయుగమనగానే మన విద్యార్థులకు పాఠ్యపుస్తకాల్లోని ఐరోపా బొమ్మలే గుర్తొస్తాయి: మంచు మైదానమూ, బొచ్చు ఏనుగూ, తోలు కప్పుకున్న మనిషీ. కుందూ ఒడ్డున ఎన్నడూ మంచు పేరుకోలేదు. ఇక్కడ మంచుయుగం వానల మీద తన ప్రభావం చూపింది. సుమారు 1,15,000 సంవత్సరాల క్రితం మొదలై 11,700 సంవత్సరాల క్రితం ముగిసిన ఆ యుగంలో, ఉత్తర ఖండాల మీద మంచు పెరిగిన కాలాల్లో మన నైరుతి రుతుపవనాలు బలహీనపడ్డాయి. చలి తారస్థాయికి చేరినప్పుడు, అంటే సుమారు ఇరవై వేల సంవత్సరాల క్రితం, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి దిగింది; శ్రీలంకకు నేలమీద నడిచి పోవచ్చు. అడవి పలచబడి గడ్డి పరుచుకున్న కాలాలున్నాయి. వానలు తిరిగి వచ్చి అడవి పుంజుకున్న కాలాలూ ఉన్నాయి. రాయలసీమ రైతుకు ఇది వింత సంగతి కాదు. అతను ఒక్క జీవితకాలంలో చూసే ఎగుడుదిగుళ్లనే భూమి వేల ఏళ్లలో చూసింది.

లేని అడవిని గూర్చి ఎవరు సాక్ష్యం చెప్తారు? ఇక్కడ శాస్త్రజ్ఞుల పద్ధతి చెప్పడం అవసరం, ఎందుకంటే మన నైతిక ప్రశ్న ఆ పద్ధతిలోనే ఉంది. మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకునే తీరులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. చెట్లు, పొదలు, వరి, శనగ, పత్తి ఒక రకం. జొన్న, సజ్జ, కొర్ర, ఉష్ణదేశపు గడ్డిజాతుల్లో ఎక్కువ భాగం రెండో రకం. గాలిలోని కార్బన్‌లో తేలికపాటిది ఎక్కువ, బరువైనది కొంచెం. మొదటి రకం మొక్కలు బరువైనదాన్ని ఎక్కువగా వదిలేస్తాయి. రెండో రకం అంతగా వదలవు. ఆకూ వేరూ మట్టిలో కుళ్లినప్పుడు ఆ నిష్పత్తి, మట్టిలో ఏర్పడే సున్నపు గులకల్లోకి చేరి ఉండిపోతుంది. మన రేగడి చేలల్లో నాగలికి తగిలే తెల్లటి గులకలు అటువంటివే. వాటిని పరీక్షించి, ఆ చోట ఒకనాడు అడవి నిలిచిందా, గడ్డి నిలిచిందా చెప్పవచ్చు. అయితే ఇందులోనూ జాగ్రత్త కావాలి. మంచుయుగంలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు తక్కువ. తారస్థాయిలో అది పదిలక్షల పాళ్లలో 190 పాళ్లకు దిగిందని దక్షిణ ధ్రువపు మంచు చెప్తున్నది. అది కూడా చెట్లకంటే గడ్డికే అనుకూలం. కనుక గడ్డి ఉన్నంతమాత్రాన వాన లేదని తేల్చరాదు.

ఆస్ట్రేలియా భూవిజ్ఞాని మార్టిన్ విలియమ్స్ జీవితమంతా ఈ పనే చేశాడు. నైలునది తీరాలు, సహారా ఎడారి, మన సోన్ నదీ లోయ ఆయన పరిశోధన క్షేత్రాలు. మధ్య భారతంలో బూడిద పొరకు కిందా పైనా ఉన్న సున్నపు గులకలనూ, బంగాళాఖాతం అడుగున పేరుకున్న పుప్పొడినీ పరీక్షించి ఆయనా, స్టాన్లీ ఆంబ్రోస్ మొదలైనవారూ 2009లో ఒక నిర్ణయానికి వచ్చారు: టోబా తర్వాత చలీ అనావృష్టీ చాలాకాలం సాగాయి, అడవుల చోట గడ్డి వచ్చింది. ఆంబ్రోస్ అంతకుముందు 1998లోనే, ఆ విపత్తులో మానవజాతి దాదాపు అంతరించబోయి కొద్దిమందితో మిగిలిందని వాదించాడు. జ్వాలాపురం పరిశోధకులు దీన్ని అంగీకరించలేదు. ఆ నమూనాలు పేలుడు జరిగిన వెంటనే ఏర్పడినవని ఎలా నమ్మాలని వారి ఆక్షేపణ. మరొకవైపు పాల్ మెల్లర్స్, ఆయన సహచరులు 2013లో, జ్వాలాపురం బూడిద కింది పనిముట్లు అసలు మనవంటి ఆధునిక మానవులవే కావనీ, మనవారు ఈ దేశానికి వచ్చింది టోబా తర్వాత చాలాకాలానికనీ వాదించారు. 2020లో సోన్ లోయలోని ధాబా తవ్వకాల ఫలితాలు, 80,000 నుంచి 65,000 సంవత్సరాల క్రితం వరకు అక్కడ మనుషులు తెంపులేకుండా ఉన్నారని చూపించాయి. వివాదం ఇంకా తేలలేదు.

ఈ వివాదంలో నా మనసు ఏ పక్షాన ఉందో దాచను. మహావిపత్తును ఎదిరించి మనిషి నిలిచాడనే మాట మనవంటివారికి ప్రియమైనది. ప్రియమైనది గనుకనే దాన్ని అనుమానించాలి. 1930లో కామియేడ్, బర్కిట్ అనే ఇద్దరు పండితులు నల్లమల కనుమల్లో, నంద్యాలకు తూర్పున ఉన్న నందికనుమ పరిసరాల్లో సేకరించిన రాతి పనిముట్లను నాలుగు వరుసలుగా విభజించి, వానకాలాలూ ఎండకాలాలూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన క్రమంతో వాటిని జోడించారు. ఆనాటికి అది గొప్ప పనే. కాని అంత చక్కగా అమరిన ఆ క్రమాన్ని తర్వాతి పరిశోధన అట్లాగే నిలబెట్టలేదు. మనకు నచ్చే క్రమాన్ని ప్రకృతి పాటించనక్కర్లేదు. ఆ సంగతి మనకు తెలిసేది ఎట్లా? ఎవరో మళ్లీ వెళ్లి అదే మట్టిని మళ్లీ చూడడం వల్ల. చూడడానికి అక్కడ మట్టి మిగిలి ఉండడం వల్ల.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు ఇందుకు మంచి నిదర్శనం. 1884–85లో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు ఆ గుహలు తవ్వి జంతువుల ఎముకలు రాశులుగా తీశారు. తవ్వకుండా మిగిలిన భాగాన్ని మన కాలపు శాస్త్రజ్ఞులు కొత్త పద్ధతులతో పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. గుర్తించిన ఇరవైయొక్క జంతుజాతుల్లో ఇరవై జాతులు కనీసం లక్ష ఏళ్లుగా ఈ ఉపఖండంలో నిలిచి ఉన్నాయట. ఐరోపాలోనూ అమెరికాల్లోనూ పెద్ద జంతువులు వరసగా అంతరించిన కాలమది. ఇక్కడ అడవీ, గడ్డీ, కొండా, నీటిపట్టూ ఒకదానితో ఒకటి అల్లుకొని ఉండడంతో ఒకచోట కరువైతే మరొకచోటికి పోయి బతికాయని వారి అభిప్రాయం. ఫూట్ ఆనాడు గుహనంతా తవ్వి ఉంటే ఈ సంగతి మనకు ఎన్నటికీ తెలిసేది కాదు. ఆయన వదిలిన మట్టి నూట ముప్ఫై ఏళ్ల తర్వాత మాట్లాడింది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. కొన్నేళ్ల క్రితం నేను జ్వాలాపురం వెళ్లాను. నంద్యాల నుంచి బనగానపల్లెదాకా బస్సు, అక్కడినుంచి ఆటో. ఒక గుంతలో నలుగురు మనుషులు పని చేస్తున్నారు. ఇద్దరు గడ్డపారలతో తవ్వుతున్నారు, ఇద్దరు గంపలకెత్తుతున్నారు. కనుబొమల మీదా వెంట్రుకల మీదా తెల్లటి పొడి. నేను పెద్దమనిషిలా ఒడ్డున నిలబడి ఆ బూడిద విలువ చెప్పబోయాను. వారిలో పెద్దవాడు పని ఆపకుండానే, "తవ్వొద్దని చెప్పనీకి వచ్చినారా సార్? అట్లయితే రేపు పని యాడుందో గూడ చెప్పి పోండి" అన్నాడు. నేనేం చెప్పగలను? కాసేపు నిలబడి, అవతలి పాత గుంతలోకి దిగాను. అక్కడ గోడలో బొటనవేలంత చెకుముకి రాతిపెచ్చు ఒకటి కనిపించింది. పీకి, తుడిచి, సంచిలో వేసుకున్నాను.

ఆ పెచ్చు చాలాకాలం నా బల్లమీద కాగితాల బరువుగా ఉన్నది. మా ఊరు ఆళ్లగడ్డ దగ్గర. ఆళ్లగడ్డ శిల్పుల పేరు తెలియనివారు రాయలసీమలో ఉండరు. ఒకసారి ఊరికి పోయినప్పుడు నాకు పరిచయమున్న ఒక వృద్ధ శిల్పికి దాన్ని చూపించాను. ఆయన ఉలి పక్కన పెట్టి, పెచ్చును ఎండకెత్తి తిప్పితిప్పి చూశాడు. "ఇది పగిలిన రాయి కాదు సార్, పగలగొట్టిన రాయి. ఈడ తగిలింది దెబ్బ. కొట్టినోనికి రాయి పోయే దారి తెల్సు" అన్నాడు. మీ నాన్నగారి కాలపుదై ఉంటుందా అని హాస్యమాడాను. ఆయన నవ్వలేదు. "యాడ దొరికింది? పైనా, లోపలా? ఎంత లోతున?" అని అడిగాడు.

నేను చెప్పలేకపోయాను. ఆ మూల తెల్లపొరను అప్పటికే తవ్వి తీసుకుపోయారు. గోడ పైనుంచి మట్టి జారి ఉంది. నేను పీకిన చోటు బూడిదకు కిందిదో పైదో అప్పుడు గమనించలేదు, ఇప్పుడు గుర్తు చేసుకునే మార్గం లేదు. కేంబ్రిడ్జిలోనూ ధార్వాడలోనూ పండితులు ఏ ప్రశ్న మీద ఏళ్ల తరబడి తగవులాడుకుంటున్నారో సరిగ్గా ఆ ప్రశ్నకు సంబంధించిన సాక్షి నోరు నేనే నొక్కేశాను. దాని చుట్టూ ఉన్న ఇసుకరేణువులు చివరిసారి వెలుతురు చూసి ఎన్నేళ్లయిందో కొలిచే పద్ధతి ఉంది. నేను ఆ మట్టిని పట్టపగలు గోకినప్పుడు ఆ లెక్క కూడా చెడిపోయింది. కూలివాడు బూడిదను అమ్మింది బువ్వ కోసం. నాకు ఏ అవసరమూ లేదు. అయినా నంద్యాలలో సభలో నిలబడి వాళ్లను అమాయకులన్నాను.

ఈ అనుభవం తర్వాత, ఆ విద్యార్థి ప్రశ్నకు సాధారణంగా వచ్చే రెండు జవాబులూ నాకు తృప్తినివ్వడం లేదు.

మొదటిది పండితుల జవాబు. ప్రాచీన సంపద పవిత్రం, దాన్ని పాడుచేసేవాడు అజ్ఞాని, చట్టంతో ఆపాలి. ఈ జవాబులో ఒక అసత్యముంది. ఆ బూడిద గుంతలు శాస్త్రజ్ఞులకంటే ముందు తవ్వినవాళ్లు కూలీలే. ఆ గోడలు తెరుచుకొని ఉన్నాయి గనుక పొరలు కంటికి కనిపించాయి. విజ్ఞానం కూలివాని గడ్డపార వెంట ఆ లోయలోకి దిగింది. దిగిన తర్వాత, పై నుంచి అతన్ని పొమ్మంటే అది న్యాయం కాదు. అంతేకాదు, ఆ లోయ మీద వచ్చిన పత్రాలు ఇంగ్లీషులో వచ్చాయి. వాటిలోని సారం తెలుగులో ఆ ఊరి బడిపిల్లవానికి అందకుండానే, విలువ తెలుసుకోలేదని ఆ ఊరిని నిందిస్తున్నాం.

రెండో జవాబు మన మిత్రుల్లో కొందరిది. ముందు కూడు, తర్వాత రాళ్లూ ఎముకలూ. వినడానికి ఇది పేదల పక్షమే. కాని కొంచెం ఆలోచిస్తే ఇది గుత్తేదారు పక్షం. బూడిద అమ్మకంలో కూలివానికి దక్కేది ఆ రోజు కూలి, లాభం మరొకరిది. పొర అయిపోయిన రోజున గుత్తేదారు మరో గుంతకు పోతాడు. కూలివానికి పనీ ఉండదు, బూడిదా ఉండదు. పేదవానికి కూడు చాలు, జ్ఞానం అక్కర్లేదనే మాట దొరలు చాలాకాలంగా అంటున్నదే. దాన్ని మనం అభ్యుదయం పేరుతో తిరిగి చెప్పడం సిగ్గుచేటు.

మంచుయుగం వాతావరణాలు కనిపెట్టే జ్ఞానం ఎవరి సొత్తో తెలుసుకోవడానికి ఒక్క మనిషి చరిత్ర చాలు. మంచుయుగాలు భూకక్ష్యలోని మార్పుల వల్ల వస్తాయనే సిద్ధాంతాన్ని లెక్కలతో నిలబెట్టిన తొలివారిలో ముఖ్యుడు జేమ్స్ క్రాల్. స్కాట్లాండులో రాతిపని చేసే సన్నకారు రైతు కొడుకు. వడ్రంగం చేశాడు, టీ కొట్టు పెట్టాడు, భీమా ఏజెంటుగా తిరిగాడు. 1859లో గ్లాస్గోలోని ఆండర్సన్ కళాశాలలో కాపలాదారుగా చేరాడు. జీతం కొద్దిపాటిది, అయితే అక్కడ పుస్తకాలున్నాయి, చదువుకోవడానికి తీరికుంది. 1864లో తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. 1876లో రాయల్ సొసైటీ ఆయన్ను సభ్యునిగా తీసుకుంది. ఆ కాపలాదారుకు మేధస్సును ఎవరూ ఇవ్వలేదు. పుస్తకాల గది తాళం మాత్రమే ఇచ్చారు. ఆళ్లగడ్డ శిల్పి నన్నడిగిన ప్రశ్న పురాతత్వ శాస్త్రంలో మొట్టమొదటి ప్రశ్న. ఆయనకు అది ఎవరు నేర్పారు?

అయినా ఆకలిగొన్నవానికి ఈ జ్ఞానం దేనికని అడగవచ్చు. రాయలసీమవాడు ఈ ప్రశ్న అడిగితే 1876–78 నాటి కరువును గుర్తుచేస్తాను. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారు. వానలు పడలేదన్నది నిజం. కాని ఆ కాలంలోనే ఈ దేశపు ధాన్యం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూ ఉంది. సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనుల్లో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యమూ, పైన కొద్దిపాటి డబ్బూ అనే స్థాయికి కుదించాడు. చచ్చినవాళ్లను గూర్చి దైవనిర్ణయమని చెప్పుకున్నారు. వానలు తప్పడం లక్షల ఏళ్లుగా ఉన్నదేననీ, మనుషులు అంతకంటే ఘోరమైన అనావృష్టుల్లోనూ బతికే దారులు వెతుక్కున్నారనీ చూపించే సాక్ష్యం మన కాళ్ల కింద ఉంటే, కరువు చావులన్నిటినీ ఆకాశం మీదికి నెట్టడం అంత సులువు కాదు. ఆ సాక్ష్యం మనకు కావాలి. ఇప్పుడు మరీ కావాలి. గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్లలో 420 దాటింది. వానల తీరు మారితే మన నేలమీద ఏ పచ్చదనం నిలుస్తుంది, ఏది పోతుంది అనే ప్రశ్నకు పాత మట్టి కొంత జవాబు చెప్పగలదు. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. జొన్నా కొర్రా పండించే రైతుకు ఆ పరిశోధన ఎంత అవసరమో, దాని వెనుక ఉన్న ఈ సుదీర్ఘ చరిత్రా అంతే అవసరం.

కనుక నా సమాధానం ఇది. ఆ బూడిద జ్వాలాపురం కూలివానిది, నాది, నీది, సుమత్రావాసిది, ఇంకా పుట్టనివానిది. అందరిదీ అయిన వస్తువును కాపాడే ఖర్చు అందరమూ భరించాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? లాభం ఒకరు తీసుకుంటారు, కీర్తి మరొకరు తీసుకుంటారు, త్యాగం మాత్రం అందరికంటే లేనివాణ్ణి చెయ్యమంటాం. త్యాగం కోరేవాడు తన వంతు ముందు పెట్టాలి. మిగిలిన పొరలకు ప్రభుత్వం రక్షణ కల్పించాలి. కాపలాకూ, తవ్వకాలకూ, మట్టి జల్లెడ పట్టడానికీ ఆ ఊరివాళ్లనే పెట్టుకోవాలి. గుంతలో వచ్చిన కూలికి అది తక్కువ కారాదు. అక్కడ దొరికిన వస్తువులు ఆ ఊరివాళ్లు చూడగల దూరంలో ఉండాలి. తవ్విన చేతుల పేర్లు పత్రాల్లో రావాలి. తెలిసినదంతా తెలుగులో రాయాలి. ఈ చివరి పని ఉపాధ్యాయులది, అంటే మనది. దానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.

ఇవన్నీ జరిగేలోపల, రేపు ఉదయం గడ్డపార పట్టుకున్న మనిషికి నేనేం చెప్పాలి? దీనికి నా దగ్గర నిర్దోషమైన జవాబు లేదు. పని చూపించకుండా అతన్ని ఆగమనే హక్కు నాకు లేదు. అతను తవ్వినది తిరిగి రాదని తెలిసి ఊరుకునే హక్కూ లేదు. ఈ రెండింటి మధ్య నలగడం నా వంతు. ఆ నలుగుడు తప్పించుకోవడానికి అతన్ని అజ్ఞాని అనో, ఆ బూడిదను ఉత్త మట్టి అనో అనుకుంటే, నేను రెండు అబద్ధాల్లో ఒకదాన్ని ఎంచుకున్నట్టే.

మొన్న ఆ విద్యార్థి మా ఇంటికి వచ్చాడు. ఆ పెచ్చును అతని చేతిలో పెట్టి, ఎట్లా తెచ్చానో ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు చూశాడు. "దీన్ని మళ్లీ అక్కడ పెట్టేస్తే?" అన్నాడు. పెట్టవచ్చు, కాని ఎక్కడిదో తెలియదు గదా అన్నాను. అయితే దీన్ని తరగతికి తీసుకురండి, పిల్లలందరికీ ఈ సంగతి చెప్పండి అన్నాడు. తర్వాత, తన తండ్రి గనిలో రాయి చీలే దారి చూసి ఎట్లా దెబ్బ వేస్తాడో, ఆ శిల్పి చెప్పినట్టే, నాకు వివరించాడు. వచ్చే నెల మేమిద్దరం జ్వాలాపురం పోదామనుకున్నాం. ఈసారి చేతిలో నోటుపుస్తకం తప్ప సంచి ఉండదు. మొదట ఆ ఊరి బడికి పోతాం.